అడ్మినిస్ట్రేటర్ గారి సముఖానికి

మహారాజశ్రీ అడ్మినిస్ట్రేటర్ గారికి, తమ ఏలుబడిలో ఉన్న ఒక ఇంటి కంప్యూటర్ తాలూకు సొంతదారు కాకినాడ నుంచి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, దీన్ని డబ్బు పోసి కొన్నది మేము, కరెంటు బిల్లు కడుతున్నది మేము. అయినా ఏ పని తలపెట్టినా "మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి" అంటుంది. ఎక్కడని సంప్రదించేది? తమకు ఆఫీసు లేదు, పనివేళలు లేవు, కనీసం మా మొర లోపలికి చేరవేసే బంట్రోతైనా లేడు. 2007లో విండోస్ విస్టాతో మొదలైంది ఈ తనిఖీ: తెర మసకబారడం, మధ్యలో ఒక పెట్టె, "అనుమతిస్తారా?" అని ప్రశ్న. అప్పటినుంచి గడియారం టైము సరిచేయాలన్నా తమ పాస్‌వర్డే దిక్కు.

మొన్న మనవరాలి సంగీతం క్లాసు కోసం వీడియో మీటింగు సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. ఇంట్లో ఏం జరుగుతోందో చూడగలదు, వినగలదు. దీనికి గట్టి విచారణే ఉంటుందని పాస్‌వర్డ్ చీటీ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. తమరు కిక్కురుమనలేదు! వాకబు చేస్తే తెలిసింది. ఇలాంటివి కొన్ని తమ కాపలాలో ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరు జోలికే పోవట. వాడేవాళ్ల పేరు మీదున్న యాప్‌డేటా ఫోల్డరులో సర్దుకుంటాయట. అక్కడికి తమ సంతకం అక్కర్లేదు. అంటే గోడ గడియారం ముట్టుకుంటే కేకలేసే వాచ్‌మన్, పెరటి గుమ్మంలోంచి వచ్చినవాడికి కుర్చీ వేసినట్టు.

పోనీ తర్వాతైనా అడ్డుకుందామని ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లాను. స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకు దేనికి దానికి మీట ఉంది. బయటినుంచి దించుకున్నవాటికి మాత్రం గంపగుత్తగా ఒక్కటే. వేస్తే అన్నిటికీ కెమెరా, తీస్తే దేనికీ లేదు. సంగీతం మాస్టారికి కనబడాలంటే మిగతా అందరికీ కనబడడానికి ఒప్పుకోవాలన్నమాట.

ఇది ఉత్త చాదస్తమని కొట్టిపారేయకండి. 2019లో జూమ్ అనే వీడియో మీటింగు సాఫ్ట్‌వేర్ సంగతి తమకు తెలియనిది కాదు. మాక్ కంప్యూటర్లలో దాన్ని తీసేసినా, వెనకాల ఒక చిన్న వెబ్ సర్వర్ మిగిలిపోయేది. అది సమయం చూసి జూమ్‌ను మళ్లీ ఎక్కించగలిగేది కూడాను. ఒక భద్రతా పరిశోధకుడు ఆ జూలైలో ఇది బయటపెడితే, ఆపిల్ వాళ్లు ఎవర్నీ అడక్కుండా అప్‌డేట్ పంపి ఆ సర్వర్‌ను ఊడబెరికారు. వచ్చేటప్పుడూ మమ్మల్ని అడగలేదు, పంపేటప్పుడూ అడగలేదు. పంపడం మంచిదే అనుకోండి.

కనుక మా మనవి చిత్తగించండి. గడియారం మాకు వదిలేయండి. కెమెరా, మైకు కావాలని వచ్చినవాణ్ణి మాత్రం, ఏ గుమ్మంలోంచి వచ్చినా సరే, పేరుపేరునా నిలబెట్టి అడగండి.

ఇట్లు,
తమ విధేయురాలు

నకలు: కంప్యూటర్ కొన్ననాడు ఈ అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ చీటీ రాసిచ్చిన మా అల్లుడుగారికి. సమాచార నిమిత్తం మాత్రమే. సంక్రాంతికి తప్పక రావలెను.