రాష్ట్రం దాటే డైటీషియన్ వినకూడని సలహాలు

అమెరికాలో డైటీషియన్లుగా స్థిరపడుతున్న మన పిల్లలకు సలహాలు చెప్పేవాళ్లు ఎక్కువ. ఆ సలహాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇది: "మాట్లాడేది జూమ్‌లోనేగా, నీ రాష్ట్రం లైసెన్సు చాలు." చాలదు. మీరు ఎక్కడ కూర్చున్నా, పేషెంటు ఉన్న రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది.

"ఎవరు చూడొచ్చారు?" అన్నది దాని వెనకే వస్తుంది. కాలిఫోర్నియాలో హెల్త్ కోచ్‌గా పనిచేసిన ఒకామె ఫ్లోరిడాకు మారాక కూడా డబ్బు తీసుకుని ఆహార సలహాలిచ్చారు. అక్కడి డైటీషియన్ ఒకరు ఫిర్యాదు చేశారు. విచారణాధికారి మామూలు క్లయింటులా మెయిల్ పెట్టి సంగతి తేల్చారు. జరిమానా, ఖర్చులు కలిపి 750 డాలర్లు దాటాయి. వాక్‌స్వాతంత్ర్యం పేరుతో ఆమె కోర్టుకెక్కితే, 2022లో అప్పీల్ కోర్టు కూడా రాష్ట్రానిదే సరి అంది. ఫ్లోరిడా ఆ చట్టాన్ని 2020లోనే కొంత సడలించింది, అయినా ఆమె మీద వేసిన జరిమానా నిలిచింది.

ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్నది: "కాంపాక్ట్ వచ్చేసింది, ఇక దేశమంతా నీదే." డైటీషియన్ల అంతర్రాష్ట్ర ఒప్పందం మంచిదే, నేను దాని పక్షమే. 2024లో అలబామా, నెబ్రాస్కా, టెనెసీ ముందుగా చట్టం చేశాయి. 7 రాష్ట్రాలు చేరితేనే అమల్లోకి వచ్చేలా దాన్ని రాశారు. కానీ చేరని రాష్ట్రంలో అది చెల్లదు. చేరిన రాష్ట్రాల్లోనైనా కమిషన్, నియమాలు, డేటాబేస్ సిద్ధమయ్యాకే అనుమతులు మొదలవుతాయి. అనుమతి కూడా ఒక్కో రాష్ట్రానికి విడిగా అడిగి తీసుకోవాలి, సొంత రాష్ట్రం లైసెన్సు మీద ఏ మచ్చా ఉండకూడదు.

"ఇండియాలో ఎమ్మెస్సీ చేశావుగా, డైటీషియన్ రిజిస్ట్రేషన్ పరీక్ష రాసెయ్" అనేవాళ్లూ ఉన్నారు. 2024 జనవరి 1 నుంచి ఆ పరీక్షకు మాస్టర్స్ తప్పనిసరైన మాట నిజమే. అయితే విదేశీ డిగ్రీని మదింపు చేయించాలి, పర్యవేక్షణలో శిక్షణా పూర్తి చేయాలి.

కిడ్నీ జబ్బు మనిషికి పొటాషియం లెక్క తప్పితే గుండెకే ముప్పు. అందుకే ఈ తలనొప్పులన్నీ పడమంటున్నాను. మన పెద్దవాళ్లు ఒక నెల ఒహాయోలో కొడుకు దగ్గర, ఇంకో నెల టెక్సాస్‌లో కూతురు దగ్గర ఉంటారు. కాబట్టి పాత పేషెంటైనా సరే, ప్రతి కాల్‌లోనూ ముందు "ఇవాళ ఏ రాష్ట్రంలో ఉన్నారండీ?" అని అడిగి, జవాబు ఫైల్లో రాసుకోండి.