కూర్మనాథుడి ఊళ్లో కొండచిలువ

సంక్రాంతికి ఏం కావాలో అడగమని మా గుంటతో ఉదారంగా అన్నది నేనే. సెల్‌ఫోనో, స్కూటీయో అంటుందని, రెంటికీ కుదరదని చెప్పడానికి చక్కటి కారణాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అది మాత్రం "బాల్ పైథాన్" అంది.

"ఏటది?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"కొండచిలువమ్మా. చిన్నదే, ఆఫ్రికాది. విషం లేదు. భయమేస్తే బంతిలా చుట్టుకుపోయి తల లోపల దాచేసుకుంటుంది, అంతే."

"ఆ పని మీ నాన్న చేస్తున్నారు కదా, ఇంకొకటెందుకు?"

పిల్లకి ఈ పిచ్చి గాల్లోంచి రాలేదు, నా వైపు నుంచే వచ్చింది. నా చిన్నప్పుడు మా ఇంటి బావిలో తాబేలు ఉండేది. పురుగుల్ని తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతుందని పెద్దవాళ్లు వేశారు. దానికి యజమానిని నేనేనని బడి అంతా చాటాను. బావిగట్టు మీంచి రోజూ పలకరించేవాణ్ణి, అది ఒక్కనాడూ తల ఎత్తి చూడలేదు. తర్వాత అట్టపెట్టెలో తొండలు. కాలేజీ రోజుల్లో మద్రాసు వెళ్లి గిండీలో పాముల పార్కు చూసొచ్చాక, దాన్ని పెట్టిన రోములస్ విటేకర్ అంతటివాణ్ణి కావాలనిపించింది. ఆయన ఆ పార్కుతో ఆగకుండా 1976లో మద్రాసు దగ్గరే మొసళ్లకీ ఒక కేంద్రం పెట్టారు. నేను ఉద్యోగం, పెళ్లి, ఇంటి అప్పు, ఈ మూడింటినీ పెట్టుకున్నాను. మళ్లీ ఇన్నేళ్లకి పాకే జీవాల దగ్గరికి నన్ను పదో తరగతి పిల్ల లాక్కొచ్చింది.

కొండచిలువ సంగతి తండ్రీకూతుళ్లం శ్రద్ధగానే చదివాం. చట్టప్రకారం విదేశీ కొండచిలువని పెంచుకోవచ్చు. 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అంతవరకు బాగానే ఉంది. బాగా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుందన్న వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. జూన్ రాగానే పిల్ల విజయవాడ హాస్టలుకి పోతుంది. అక్కణ్ణుంచి ఇంజనీరింగు, ఆపైన అమెరికా. ఇస్త్రీపెట్టెనే రానివ్వని హాస్టలు కొండచిలువని రానిస్తుందా? కాబట్టి అది నా దగ్గరే ఉండి, నాతోపాటు రిటైరై, నా పెన్షను మీద ఎలకలు తింటుంది. దాని అద్దాలపెట్టెలో ఒక మూల ముప్ఫై డిగ్రీల పైన వేడి ఉండాలట, దానికో బల్బు. మా ఊళ్లో మే నెలలో వేడి కోసం బల్బు కొన్నవాడిగా నేను చరిత్రలో మిగలదలచుకోలేదు. పైగా 2018లో తిత్లీ తుపాను పోయాక కరెంటు కోసం జిల్లాలో మనుషులే రోజుల తరబడి కాచుక్కూచున్నారు. పాము వంతు ఎప్పటికొచ్చేది?

అసలు తీర్పు మాత్రం మా అమ్మది. "నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం ఏడాదికి ఒక్కరోజు. పామే ఇంట్లో ఉంటే రోజూ చవితేనా? అన్ని ఉపోసాలు నా వల్ల కాదు బాబూ."

పాములు పాలు తాగవని పిల్ల చెప్పబోయింది. చవితి విషయంలో పాము అభిప్రాయం ఎవరూ అడగరని నేను సర్దిచెప్పాను.

తర్వాత అక్వేరియం కొట్లలో అమ్మే ఎర్రచెవుల తాబేలు మీదికి మనసు పోయింది. అది అమెరికా సరుకు. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది, కొన్నేళ్లకి భోజనం పళ్లెమంత అవుతుంది. విసుగొచ్చినవాళ్లు చెరువులో వదిలేస్తే స్థానిక తాబేళ్ల తిండికీ చోటుకీ ఎసరు పెడుతుంది. "వద్దులే నాన్నా" అని పిల్లే అంది. అద్దెకొచ్చి ఇల్లు రాయించుకునేవాళ్లంటే దానికి చిన్నప్పట్నుంచీ పడదు.

ఇంతా చేసి మేముండేది శ్రీకూర్మంలో. విష్ణువు తాబేలుగా పూజలందుకునే ఊరు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. లోపల్నుంచి కాశీకి సొరంగం ఉందని కూడా చెబుతారు. తాబేలు గనక ఆ దారిన బయల్దేరితే మనవల పెళ్లిళ్లకైనా కాశీ చేరుతుందా అని మా గుంట అనుమానం. ఆ గుడి ఆవరణలోనే నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఏ రెంటి గీతలూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకని పిల్ల లెక్కల నోట్సు వెనకపేజీల్లో వాటి బొమ్మలు గీసి, ఏది ఏదో గుర్తుపట్టడం మొదలెట్టింది. ముందు పేజీల్లో త్రికోణమితి ఖాళీగానే ఉంది. ఆకుకూర నములుతున్న తాబేలు ముందు గంటసేపు నిలబడితే మనిషికి బీపీ తగ్గుతుందని నా గట్టి నమ్మకం. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో మీరే వచ్చి చూసుకోండి.

మా తాబేళ్ల సంగతి హైదరాబాదు దాకా పాకింది. ఓ దూరపు బంధువు ఫోను చేసి, "మీ ఊళ్లో బోలెడున్నాయట కదా, ఒకటి పంపించు, హాల్లో ఉత్తరాన పెడితే కలిసొస్తుందట" అన్నాడు. ఫోను పిల్ల లాక్కుంది. "పెదనాన్నా, అది 2023 నుంచి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఏ దిక్కున పెట్టినా అంతే."

ఆయన ఇత్తడిది కొనుక్కున్నాడు. మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లని అడవుల్లోంచి పట్టుకుపోయారని 2015లో పరిశోధకులు లెక్కతేల్చారు. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. ఇత్తడి పరిశ్రమ వర్ధిల్లాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

చివరికి మా పెంపకం సముద్రం ఒడ్డుకి చేరింది. ఊరికి కూతవేటు దూరంలో మత్స్యలేశం. జనవరి దాటితే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసకలో గుడ్లు పెట్టడానికొస్తాయి. ఒడిశాలో రుషికుల్య దగ్గరైతే వేలకి వేలు ఒకేసారి దిగుతాయి. మా వైపు మాత్రం ఒక్కొక్కటే, చుట్టపుచూపుగా. నలభై కిలోల తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. పొద్దున్నే చూస్తే ఇసక మీద ట్రాక్టరు పోయిన జాడలా ఉంటుంది. కుక్కలూ నక్కలూ తవ్వుకు తినకుండా తాబేళ్లని కాపాడేవాళ్లు ఆ గుడ్లని ఏరి, కంచె వేసిన చోట మళ్లీ అంతే లోతున పూడ్చిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలవుతాయి. అసలు దెబ్బ నీళ్లలోనే ఉంది. ట్రాలరు వలలో చిక్కిన తాబేలు ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోతుంది. చేపల వేట నిషేధమేమో ఏప్రిల్ 15న గానీ మొదలవదు. అప్పటికి చాలా తల్లులు వచ్చి వెళ్లిపోయి ఉంటాయి. ఈ ముహూర్తం పెట్టినవాళ్లు తాబేళ్ల పంచాంగం చూడలేదు.

"పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని తెల్లారకుండా సముద్రమ్మట తిరుగుడేటి?" అని ఇంట్లో రోజూ గొడవే. తాబేళ్లకి పదో తరగతి టైంటేబులు తెలీదని మేం వాదించాం. పుట్టేది ఆడో మగో ఇసక వేడే తేలుస్తుంది, సుమారు ఇరవై తొమ్మిది డిగ్రీలు దాటితే ఎక్కువ ఆడవే అని పిల్ల భోజనాల దగ్గర బయాలజీ అప్పచెప్పింది. మా ఆవిడ ముద్ద ఆపి, మా అమ్మ వైపు ఓసారి చూసి, "ఆడపిల్ల పుడితే ఎండది తప్పని అప్పుడే తెలిసుంటే నాకెన్ని మాటలు తప్పేవో" అంది. మా అమ్మ మజ్జిగ కోసం చాలాసేపు వెతికింది. ఆ మర్నాటి నుంచి మా ఆవిడ కూడా బీచికి వస్తోంది.

ఇంట్లో "ఊఁ" దాటి మాట్లాడని పిల్ల ఆ చీకట్లో కూచుని తన స్నేహితురాళ్ల తగాదాల నుంచి హాస్టలు భయం దాకా అన్నీ చెబుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఎక్కువ వెలుగున్న వైపే పాకుతాయి. సముద్రం మెరుపు కంటే ఒడ్డున దీపం ఎక్కువగా కనిపిస్తే దారి తప్పి ఊరివైపు వచ్చి చస్తాయి. అందుకని అక్కడ ఫోను తీయకూడదు. పదిహేనేళ్ల పిల్ల చేత గంటల తరబడి ఫోను కట్టేయించిన జీవి ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

ఈసారి చలికాలం వెళ్లేవేళకి శ్రీకూర్మం వస్తే, స్వామి దర్శనం చేసుకుని, మా బీచికి కూడా రండి. గుడ్లు ముట్టుకోకండి, పిల్లల్ని చేత్తో ఎత్తి సెల్ఫీలు దిగకండి, ఫోను లైటు ఆర్పేయండి.