ఎం8 ట్యాప్ ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక ఎం8 ట్యాప్‌ది, అంటే హోలులో మర కోసే పనిముట్టుది. ఇది మర తీసిన హోలులో 8 మిల్లీమీటర్ల బోల్టు బిగుస్తుంది. మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, మర కోణం 60 డిగ్రీలు. పుట్టుక హైస్పీడ్ స్టీలులో. కాల్చి చల్లార్చినందువల్ల వచ్చిన గట్టితనం దీని బలం, దాంతోపాటు వచ్చిన పెళుసుతనం దీని గండం. ఒంటిమీది మరలను నిలువునా చీల్చే గాడులే అసలు పనిచేసేవి. వాటి అంచు లోహాన్ని కోస్తుంది, తెగిన రజను వాటిలోకే చేరుతుంది.

సెట్టులో మూడు ట్యాపులుంటాయి. ఈ కథ మొదటిదానిది. కొన దగ్గరి మరలు సన్నబడి ఉండటంతో హోలులోకి ముందు దిగేది ఇదే. రెండోది కోతను లోతు చేస్తుంది. అడుగు మూసుకున్న హోలులో చివరిదాకా మర తీసేది మూడోది. కష్టం మొదటిదానిదే, పేరు మాత్రం చివరిదానికి.

ఈ ట్యాప్ ఊరు మెదక్. ఆ పేరు మోసే ఆయుధ కర్మాగారం 1984లో ఎద్దుమైలారంలో మొదలైంది. శరత్ యుద్ధ వాహనాలకు పేరుపడిన ఆ ఊరు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఈ ట్యాప్ కొలువు అక్కడ కాదు, మెదక్ పట్టణంలోనే ఒక మరమ్మతు షాపు బెంచీ మీద. ట్రాక్టరు బ్రాకెట్టో, బోరు మోటారు బాడీయో వస్తుంది. ఒక్క హోలు కోసం మిషను ఎక్కించడం దండగ, చేత్తో ట్యాప్ తిప్పడమే మేలు.

పని డ్రిల్లుతో మొదలవుతుంది. 8లోంచి 1.25 తీసేస్తే 6.75, కాబట్టి 6.8 డ్రిల్లు వేస్తారు. హోలు చిన్నదైతే ట్యాప్ పట్టేస్తుంది, పెద్దదైతే మర పలచబడి బోల్టు జారుతుంది. రెండు చుట్లు తిప్పగానే మూలమట్టం పెట్టి రెండు వైపులా చూడాలి. వంకర దిగిన ట్యాప్‌ను తర్వాత సరిచేయడం కుదరదు. ఒక చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కి తిప్పితే రజను టప్పున తెగిన సంగతి చేతికి తెలుస్తుంది. ఉక్కుకు నూనె, అల్యూమినియానికి కిరోసిన్ వాడతారు. పోత ఇనుముకు ఏదీ అక్కర్లేదు.

అంగుళాల మరలున్న పాత మిషన్లతోనే చిక్కు. 1841లో ఇంజనీరు విట్‌వర్త్ ప్రతిపాదించిన అంగుళాల మరలో కోణం 55 డిగ్రీలు. అందులోని 5/16 బోల్టు చూపుకు ఎం8 లాగే ఉంటుంది, ఎం8 హోలులో ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆపైన బిగుసుకుంటుంది. మర గేజీ పెట్టి చూడకుండా అంగుళాల మర ఉన్న హోలులో ఎం8 ట్యాప్ తిప్పితే పాత మర కూడా పాడవుతుంది.

హోలులో విరిగిన ట్యాప్‌ను మామూలు డ్రిల్లు కోయలేదు, ఎందుకంటే రెండింటి గట్టితనమూ ఇంచుమించు ఒకటే. పంచితో ముక్కలు చేసి ఏరడం ఒక దారి. చేతి ట్యాపుల్లో అరిగి మూలపడేవి తక్కువ, విరిగి పోయేవే ఎక్కువ. చాలాసార్లు ఆ తప్పు ట్యాప్‌ది కాదు, ముందు వేసిన డ్రిల్లు సైజుది.