పన్ను ఎగ్గొట్టి గెలిస్తే జాతిపిత

జులై 4, అమెరికావాళ్ళ స్వాతంత్ర్య దినం, వచ్చిందంటే మా తడలో కూడా కొందరికి ఒళ్ళు పులకరిస్తుంది. కొడుకో అల్లుడో డల్లాస్‌లో ఉంటే చాలు, వాట్సాప్ నిండా బాణసంచా. ఆపైన టీ బంకు దగ్గర ఉపన్యాసం. "వాళ్ళు తుపాకీ పట్టినారు సామీ! ఎనిమిదేళ్ళలో తెల్లోణ్ణి తరిమేసినారు. మనోళ్ళేమో ఉప్పు వండుకుంటా, రాట్నం తిప్పుకుంటా కూచున్నారు."

తరిమినవాడూ తెల్లోడే కదన్నా అని ఎవరైనా అడిగితే, టీలో చక్కెర ఎక్కువైందని మాట మార్చేస్తారు.

ఆ కథను ఒకసారి మన ఊరికి తెచ్చుకుందాం. 1626లో ఇంగ్లీషు వర్తకులు తడకు ఉత్తరాన, దుగరాజపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. 1639లో మద్రాసుకు చేరారు. వాళ్ళు అక్కడే పిల్లాపాపలతో పాతుకుపోయి, మన పొలాలన్నీ కలిపేసుకుని, మనల్ని కొండల అవతలికి తోసేసి, నూట యాభై ఏళ్ళ తర్వాత "లండన్ రాజు మామీద పన్ను వేయడమేంది" అని తిరగబడి గెలిచారనుకోండి. ఆ రోజున మనం జెండా ఎగరేసి లడ్డూలు పంచుకోవాలన్నమాట. పదమూడు కాలనీల్లో జరిగింది అదే. అపలాచియన్ కొండలు దాటి ఆదివాసుల భూముల్లోకి పోవద్దని రాజు 1763లో ఆంక్ష పెట్టడం కూడా వాళ్ళ కోపాల్లో ఒకటి. కబ్జాకు అడ్డొచ్చినవాడి మీద ఎంత కోపం వస్తుందో హైవే పక్కన ప్లాట్లు వేసేవాళ్ళను అడగండి, చెబుతారు.

సరే, గెలిచారు. ఒంటిచేత్తోనా?

1778లో ఫ్రాన్సు వాళ్ళతో చేయి కలిపింది. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర ఇంగ్లీషు దండు లొంగిపోయిందంటే, సముద్రం దారి మూసింది ఫ్రెంచి ఓడలు, వాషింగ్టన్ పక్కన నిలబడింది వేలమంది ఫ్రెంచి సిపాయిలు. మధ్యలో డచ్చివాళ్ళు తిరుగుబాటుదార్లతో చాటుమాటు వ్యాపారం చేస్తున్నారని మండిపడి 1780 డిసెంబరులో బ్రిటన్ వాళ్ళమీదా యుద్ధం ప్రకటించింది. దాని దెబ్బ ఎక్కడ పడిందనుకున్నారు? మన ప్రళయకావేరి (పులికాట్) చెరువు మీద. 1781లో పళవేర్కాడులోని డచ్చి కోటను ఇంగ్లీషువాళ్ళు పట్టేసుకున్నారు. బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్ళపాలైతే, ఎనిమిదేళ్ళు తిరక్కుండా మన చెరువులో చేపలు పట్టుకునేవాడికి దొర మారిపోయాడు. యుద్ధం ముగిశాక సంధి కాగితాల్లో కోట మళ్ళీ డచ్చివాళ్ళకు పోయింది. మధ్యలో వలవాణ్ణి అడిగినవాడు లేడు.

మైసూరు హైదరాలీ సంగతి ఇంకా బాగుంటుంది. 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో ఆయనా కొడుకు టిప్పూ కలిసి ఇంగ్లీషు దొర బెయిలీ సైన్యాన్ని నుజ్జు చేశారు. అట్లాంటిక్ అవతలికి పోవాల్సిన డబ్బూ ఓడలూ ఇటు కూడా తిప్పాల్సి వచ్చింది. ఈ ఉపకారం ఫిలడెల్ఫియావాళ్ళకు తెలుసు కాబట్టే 1782లో తమ యుద్ధనౌక ఒకదానికి ఆయన పేరు పెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆయన చిత్తూరు దగ్గర డేరాలో కన్నుమూశాడు. డల్లాస్ మామయ్యల ఫార్వర్డుల్లో ఆ ఓడ బొమ్మ ఇంతవరకు నాకు కనపడలేదు.

ఇక "మనోళ్ళకు చేతగాలా" అనే మాట. చేతగాకనే చిత్తూరు పాలెగాళ్ళు 1804లో తిరగబడ్డారా? 1801లో ఆర్కాటు నవాబు సీమంతా కంపెనీకి రాసిచ్చాడు. పేష్కష్ కట్టండి, చెప్పినట్టు వినండి అన్నారు కొత్త దొరలు. వీళ్ళు వినలేదు. అడవులు పట్టి పోరాడారు, ఓడిపోయారు. అటు పన్ను కట్టనన్నవాళ్ళు దేశ నిర్మాతలు, ఇటు కట్టనన్నవాళ్ళు కంపెనీ దస్త్రాల్లో దోపిడీ ముఠాలు. వీళ్ళకు తక్కువైంది తెగువ కాదు, ఓడలు పంపే ఫ్రెంచి రాజు. పాపం ఆయన అమెరికాకు పెట్టిన ఖర్చుతో బొక్కసం గుల్ల చేసుకుని, 1793కల్లా తలే పోగొట్టుకున్నాడు.

పాలెగాళ్ళు రైతును పీడించలేదని నేననను. ఆ వాదన తెచ్చేవాళ్ళు వాషింగ్టన్ దొడ్డిలోకి కూడా తొంగిచూడాలి మరి. ఆయన బానిస హ్యారీ వాషింగ్టన్ స్వేచ్ఛ కోసం పారిపోయి చేరింది ఎవరి పక్షాన? ఇంగ్లీషువాళ్ళ పక్షాన! అక్కణ్ణుంచి కెనడా, ఆపైన ఆఫ్రికాలో సియెర్రా లియోన్. అక్కడి కంపెనీ భూమికి శిస్తు కట్టమంటే 1800లో తోటివాళ్ళతో కలిసి ఎదురుతిరిగాడు. విచారించి వెళ్ళగొట్టారు. యజమాని చేస్తే విప్లవం, బానిస చేస్తే దేశ బహిష్కారం. ఆ యజమాని అధ్యక్షుడయ్యాక చేసిన పని కూడా చెప్పాలి. సారా మీద పన్ను కట్టేది లేదని మొండికేసిన పెన్సిల్వేనియా రైతుల మీదికి 1794లో దాదాపు 13,000 మంది సైన్యాన్ని తోలాడు.

యార్క్‌టౌన్‌లో ఓడిన కారన్‌వాలిస్ దొర ఏమయ్యాడో మన ఉపన్యాసకులు ఎప్పుడూ చెప్పరు. ఉద్యోగం ఊడిందనుకుంటున్నారా? 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అక్కడ పోగొట్టుకున్నదానికి ఇక్కడ వడ్డీతో రాబట్టుకున్నాడు. 1792లో టిప్పు రాజ్యంలో సగం కోసుకున్నాడు, మరుసటేడు బెంగాల్ రైతు నెత్తిన శాశ్వత శిస్తు రుద్దాడు. యార్క్‌టౌన్‌లో కత్తి అప్పజెప్పాల్సిన రోజున ఒంట్లో బాగాలేదని కింది అధికారిని పంపించాడట ఈ మహానుభావుడు. శ్రీరంగపట్నంలో టిప్పు పసికొడుకులిద్దర్ని తాకట్టు కింద అందుకున్న రోజున మాత్రం ఆయన ఆరోగ్యం దివ్యంగా ఉంది.