పసుపుకు బోర్డు, పసివాడికి టేపు

ఆర్మూర్ పసుపు పెట్టి పుట్టింది. నాటింది మొదలు తవ్వేదాకా దాదాపు తొమ్మిది నెలలు రైతు దాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి యార్డుకు తెస్తే వ్యాపారి కొమ్ము విరిచి మరీ చూస్తాడు. తేమెంత, కర్క్యుమిన్ ఎంత, కాడి ఎంత, గోళ ఎంత! 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో దానికో జాతీయ బోర్డు కూడా వెలిసింది.

అవే తొమ్మిది నెలలు మోసి కన్న పిల్లాడికి బోర్డు లేదు, టేపుంది. అంగన్‌వాడీ టీచర్ జబ్బకు చుట్టి చూస్తుంది. పన్నెండున్నర సెంటీమీటర్లుంటే పచ్చ, తగ్గితే పసుపు, పదకొండున్నర కన్నా తగ్గితే ఎరుపు. ఆర్మూర్‌లో పసుపు రంగు చూసి దిగులుపడాల్సింది ఈ ఒక్కచోటే.

తెలంగాణలో అయిదేళ్లలోపు గిడసబారిన పిల్లలు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 28 శాతం. 2019-21 సర్వే నాటికి 33. క్వింటాలు ధర ఇలా ఎగబాకితే యార్డులో మిఠాయిలు పంచేవాళ్లం.

సర్కారు ఊరుకుందని కాదు. ఏడు నెలల నుంచి మూడేళ్లదాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తోంది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిపిన పొడి. బాగా చిక్కిన వాళ్లకు బాలామృతం ప్లస్ కూడా ఉంది. పొడిలో లోపం వెతకను. కాకపోతే ప్యాకెట్ ఒక బిడ్డ పేరున వస్తుంది, ఇంట్లో ముగ్గురుంటారు. నీళ్లు మంచివి కాకపోతే తిన్నదంతా విరేచనాల్లో పోతుంది. ఈ రెండింటికీ టీచర్ ఫోనులోని యాప్‌లో గడి లేదు.

ముఖానికి మాత్రం ఉంది. 2025 జులై నుంచి ప్యాకెట్ కావాలంటే తల్లి ముఖాన్ని ఫోను గుర్తుపట్టాలి.

“అక్కా, కండ్లు ఆర్పు. ఇంకోపారి.”

“ఆర్పిన గద టీచరమ్మా.”

“ఫోను ఒప్పుకుంటలేదు. ఆధార్ ఫొటోల జర నిండుగున్నవ్.”

బిడ్డకు పోషణ కావాలని వస్తే, తల్లికి లేదని ఫోనే తేల్చేసింది! సాంకేతికత అంటే ఇదీ.

విసుగొచ్చిన తల్లి మందుల షాపుకెళ్లి బలం పొడి డబ్బా కొంటుంది. కూలి డబ్బులు పోతాయి, గుడ్లు కొనడం ఆగిపోతుంది. డబ్బా మీద పిల్లాడు మాత్రం నిగనిగలాడుతుంటాడు. పిల్లలు పొడుగ్గా, బలంగా, చురుగ్గా తయారవుతారన్న హార్లిక్స్ ప్రకటన ఒకటి ఓ నేపాలీ చానెల్ ద్వారా బ్రిటన్‌లో ప్రసారమైతే, రుజువులేవని 2008లో అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఆపించింది. అది బంగ్లాదేశ్ కోసం తీసిందని కంపెనీ సంజాయిషీ. మన వైపు పిల్లలు రుజువులు అడగకుండానే పొడుగవుతారు కాబోలు.

పసుపుకు బోర్డు ఊరికే రాలేదు. 2019లో 178 మంది రైతులు నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. అంత పెద్ద పేర్ల జాబితాకు ఎన్నికల సంఘం వేరే యంత్రాలు తెప్పించాల్సి వచ్చింది. అంగన్‌వాడీ పిల్లలూ ఆ దారినే పోవచ్చు. నామినేషన్‌కు పాతికేళ్లు నిండాలి, అంతే. అప్పటికి వీళ్ల ఎత్తు సంగతి ఎటూ తేలిపోయి ఉంటుంది, ఎన్నికల సంఘం ఎత్తు అడగదు.