సగమే చెప్పాను

నేను కరాటే క్లాసు మారినందుకు నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. విద్య కోసం ఒక గురువు దగ్గర్నుంచి మరో గురువు దగ్గరికి వెళ్లడం తప్పని ఇవాళ్టికీ అనుకోను. కాకపోతే నేను ఊరికే వెళ్లలేదు. మా మాస్టారు నన్ను నమ్మి చెప్పిన సంగతిని వెంట పట్టుకెళ్లి అక్కడ ఇచ్చాను. అదైనా మొత్తం ఇవ్వలేదు, నాకు పనికొచ్చిన ముక్క విరిచి ఇచ్చాను. నా తెలివితక్కువతనం ఒక మనిషి బతుకుతెరువు తీసేసింది. ఆయనొక్కరిదే కాదని తర్వాత తెలిసింది.

పశ్చిమ గోదావరిలో మాదొక చిన్న మున్సిపాలిటీ. 1999 దాకా ఊరంతటికీ ఒకటే కరాటే క్లాసు. హైస్కూలు గ్రౌండులో సాయంత్రం ఐదున్నరకి మొదలై దీపాలు పెట్టే వేళకి అయిపోయేది. తెల్ల డ్రిల్లు గుడ్డ కొనుక్కుని బజార్లో టైలరు చేత డ్రెస్సులు కుట్టించుకునేవాళ్లం. మాస్టారు నేర్పేది షోటోకాన్ పద్ధతి కరాటే. ఆయనకి విద్య కాళ్ల దగ్గర మొదలవుతుంది. కిబ దాచిలో, అంటే గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి నడుం నిటారుగా పెట్టి, తొడలు వణికేదాకా నిలబెట్టేవారు. గుద్దులు ఆ తర్వాతే. హీయాన్ షోదాన్ అని మొదటి కతా, అంటే వరస తప్పకుండా చేసే కదలికల కూర్పు, ఒకటుంది. మొత్తం ఇరవై ఒక్క కదలికలు. దాన్నే ఏడాది పాటు చేయించేవారు. అందులో మొట్టమొదటి కదలిక ఎడమ పక్కకి తిరిగి కిందికి వచ్చే దెబ్బని అడ్డుకోవడం. "మొదటి చెయ్యి అవతలివాడిది, మనదెప్పుడూ రెండోదేరా" అనేవారు. కరాటేలో ముందుగా చెయ్యెత్తకూడదన్నది షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునాకోషి శిష్యులకి పెట్టిన నియమాల్లో ఒకటి. మాస్టారు దాన్ని ఏదో పుస్తకంలో చదివి అప్పజెబుతున్నారనుకునేవాణ్ణి.

1999 జూలైలో 'తమ్ముడు' సినిమా వచ్చింది. చేతివేళ్ల మీదుగా కారు పోనిచ్చుకున్న పవన్ కల్యాణ్‌ని తెర మీద చూశాక మా ఊరి కుర్రాళ్లు కుదురుగా కూర్చోలేకపోయారు. గోడలకి గుద్దినవాళ్లున్నారు, నాన్న స్కూటరు కింద చెయ్యి పెట్టబోయి చెంపదెబ్బలు తిన్నవాళ్లున్నారు. మా క్లాసుకి కొత్త పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. కిబ దాచిలో నిలబడలేక సగం మంది వారం తిరక్కుండా మానేశారు. సరిగ్గా అప్పుడే మెయిన్ రోడ్డులో కల్యాణ మండపం మేడ మీద రెండో క్లాసు వెలిసింది. మైకు కట్టిన రిక్షా వీధివీధీ తిరిగింది. పొద్దున్నే పేపరు మడతలోంచి పాంప్లెట్లు రాలాయి. డ్రెస్సు ఉచితం, నాలుగు నెలల్లో రంగు బెల్టు గ్యారంటీ.

ఒక ఆదివారం సాయంత్రం వాళ్లు సెంటర్లో ప్రదర్శన పెట్టారు. బంగాళా పెంకులు పేర్చి, ఆ మాస్టారు గట్టిగా అరిచి ఒక్క దెబ్బతో కింద దాకా పగలగొట్టాడు. జనం ఈలలు వేశారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. పెంకుకీ పెంకుకీ మధ్య చిన్న చెక్కముక్కలు పెట్టడం నా కళ్లతో చూశాను. అలా ఎడం ఇస్తే చేతికి తగిలేది పై పెంకు ఒక్కటే. అది విరిగి కిందదాని మీద పడుతుంది, అది విరిగి దాని కిందదాని మీద. ఎడం లేకుండా అంటించి పేరిస్తే అదే చెయ్యి వాచిపోతుంది. ఇందులో మోసమంటూ లేదు, ప్రదర్శనలు అలాగే చేస్తారు. కానీ చెక్కముక్కలు చూసి కూడా నేను చప్పట్లు కొట్టాను. మా మాస్టారు ఎందుకిలాంటిది చెయ్యరని ఉడుక్కుంటూ ఇంటికెళ్లాను.

మా గ్రౌండులో పిల్లలు తగ్గడం మొదలైంది. మాస్టారు ఏమీ అనలేదు. పాంప్లెట్లు మనమూ వేయిద్దామండీ అంటే, ఉన్న పిల్లల కాళ్లు చూడమన్నారు.

అప్పటికి నేను బ్లూ బెల్టుని. గ్రేడింగులో బ్రౌన్ బెల్టు ఖాయమనుకున్నాను, ఇంట్లో కూడా చెప్పేశాను. కుమితేలో, అంటే ఇద్దరూ ఎదురెదురుగా తలపడేటప్పుడు, నా ఎదురుగా నాకంటే చిన్నవాడు పడ్డాడు. మాస్టారు "యామే" అన్నారు. ఆ మాట వింటే చెయ్యి ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి. నాకు వినపడింది. విని కూడా గుద్దాను. వాడి ముక్కు చితికి తెల్ల డ్రెస్సు మీద నెత్తురు కారింది. మాస్టారు వాడి తల ముందుకి వంచి, ముక్కు నొక్కిపట్టి, నెత్తురు ఆగేదాకా పక్కన కూర్చున్నారు. నావైపు చూడలేదు. జాబితా చదివినప్పుడు నా పేరు లేదు.

రెండు రోజులాగి నన్ను పోస్టాఫీసుకి రమ్మన్నారు. ఎందుకో అర్థం కాలేదు. కౌంటరు పక్కన బల్ల మీద మనియార్డరు ఫారం నింపుతున్నారు. ఒక ఆడమనిషి పేరు, నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఫారం అడుగున కబురు రాసుకోవడానికి కాస్త చోటు ఉండేది. దాన్ని ఖాళీగానే ఉంచారు. రసీదు తీసుకుని, బయట మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పారు.

ఆయన వయసులో ఉండగా ఒక సారా కాంట్రాక్టరు దగ్గర పనిచేశారు. 1993లో సారా నిషేధం రాకముందు సంగతి. వేలంలో సారా దుకాణాలు పాడుకున్నవాళ్లు, తమ పరిధిలోకి బయట సరుకు రాకుండా మనుషుల్ని పెట్టుకునేవారు. కరాటే వచ్చిన కుర్రాడికి అక్కడ మంచి గిరాకీ. ఒక రాత్రి సైకిలు మీద దొంగసారా తెస్తున్న మనిషిని పట్టుకున్నారు. ఒక్క దెబ్బకే అతను కిందపడి దండం పెట్టాడట. "అప్పుడు ఆగాల్సింది. చెయ్యి ఆగలేదురా. ఆగలేదనడం కూడా అబద్ధమే, నేనే ఆపలేదు." అతనికి ఒక కన్ను పోయింది. మాస్టారికి శిక్ష పడి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నారు. విడుదలయ్యాక అతని ఊరు వెతుక్కుంటూ వెళితే అతను మొహం చూడనన్నాడు. భార్య మాత్రం, డబ్బు పంపితే పుచ్చుకుంటాం, మీరు మాత్రం రావద్దు అందట. అప్పట్నుంచీ మనియార్డర్లు. మేం కట్టే ఫీజుల్లోంచే.

"నిన్ను ఫెయిల్ చేసింది దెబ్బ కొట్టినందుకు కాదు. విన్నాక కొట్టినందుకు. ఇది నీకు తప్ప ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు."

ఆ మెట్ల మీద నాకేం అర్థమై ఉండాలో ఇప్పుడు తెలుసు. అప్పుడు బుర్రలోకి ఎక్కింది ఒక్కటే: జైలుకెళ్లొచ్చినాయనా నన్ను ఫెయిల్ చేసేది?

నెల తిరగకుండా మేడ మీది క్లాసులో చేరాను. గ్రేడింగేమీ లేకుండానే బ్రౌన్ బెల్టు ఇచ్చారు. అది కట్టుకుని ఇంట్లో అద్దం ముందు నిలబడ్డాను. రంగు బెల్టులు కరాటేతో పాటు పుట్టినవి కావనీ, కరాటే పుట్టిన ఒకినావా దీవిలోని పాత గురువులకి అవి లేనే లేవనీ, ఫునాకోషి 1922లో టోక్యో వచ్చాక జూడో చూసి డ్రెస్సూ బెల్టూ తీసుకుని 1924లో మొదటి బ్లాక్ బెల్టులిచ్చారనీ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా చెవిన పెట్టేవాణ్ణి కానేమో. ఆ గోధుమరంగు గుడ్డే నాకు సర్వస్వం.

కొత్త మాస్టారు టీ తాగుతూ మామూలుగా అడిగాడు. "మీ పాత మాస్టారు జైలుకెళ్లొచ్చాడని ఎక్కడో విన్నాను తమ్ముడూ. నిజమేనా?" విన్నాడో లేదో, ఊరికే రాయి విసిరాడో నాకిప్పటికీ తెలియదు. అవునని చెప్పాను. దేనికని అడిగితే సారా గొడవలో ఒకడి కన్ను పొడిచాడన్నాను. పొడవడం అన్నది నా కల్పన. దండం పెట్టిన మనిషిని కొట్టానని ఆయన తనంతట తాను ఒప్పుకోవడం గురించి నోరెత్తలేదు. మనియార్డర్ల సంగతి చెప్పలేదు. నన్నెందుకు ఫెయిల్ చేశారో అసలే చెప్పలేదు. అది చెబితే నా సంగతి బయటపడుతుంది.

ఊళ్లో మాట పాకడానికి పాంప్లెట్లు అక్కర్లేకపోయింది. ట్యూషన్ల దగ్గర, రైతు బజార్లో, గుడి దగ్గర తల్లులు చెప్పుకున్నారు. పిల్లల్ని మాన్పించారు. తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారంటూ హెడ్మాస్టరు గ్రౌండు ఇవ్వలేనన్నారు. సంక్రాంతి లోపల క్లాసు మూతపడింది. మాస్టారు ఊరొదిలి వెళ్లేముందు నన్ను పిలిచి అడుగుతారని భయపడ్డాను. పిలవలేదు. వెళ్లాక నేనే పాత గ్రౌండు వైపు వెళ్లడం మానేశాను.

తర్వాత ఎప్పుడో కరాటే చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఫునాకోషీ, చోకి మొతోబూ ఇద్దరూ ఒకినావావాళ్లే, అంకో ఇతోసు అనే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఫునాకోషి బడిపంతులు, మర్యాదస్తుడు. మొతోబు రాచకుటుంబీకుడు, కుర్రతనంలో రాత్రిళ్లు వీధుల్లో కావాలని తగాదాలు పెట్టుకుని తన విద్యని పరీక్షించుకున్నాడని పేరు. యాభై దాటాక క్యోటోలో ఒక విదేశీ బాక్సర్ని పడగొట్టాడు. 1925లో 'కింగు' పత్రిక ఆ కథ వేసినప్పుడు, బొమ్మలో మాత్రం ఫునాకోషి పోలికల మనిషిని గీశారు. ఇద్దరికీ సరిపడేది కాదు. అయినా వాడో-ర్యూ అనే కరాటే పద్ధతి పెట్టిన హిరోనోరి ఒత్సుకా ఫునాకోషి దగ్గర నేర్చుకుని మొతోబు దగ్గరా నేర్చుకున్నాడు. యసుహిరో కొనిషీ అంతే. ఇది చదివిన రాత్రి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి నడిచిన శిష్యులు వీళ్లు, పోతూ విద్యనే తీసుకెళ్లారు.

ఇంకో రకం పోటీ చికాగోలో జరిగింది. జాన్ కీహాన్ అనే కరాటే మాస్టారు కౌంట్ డాంటే అని పేరు మార్చుకుని, ప్రపంచంలో తనంత ప్రమాదకరమైన మనిషి లేడని పిల్లల కామిక్ పుస్తకాల్లో ప్రకటనలు వేసుకున్నాడు. 1965లో ఒక పోటీ క్లాసు కిటికీకి పేలుడు సామగ్రి పెట్టబోయి పట్టుబడ్డాడు. 1970 ఏప్రిల్‌లో తన మనుషుల్ని వెంటేసుకుని ఇంకో క్లాసు మీదికి వెళ్లాడు. ఆ కొట్లాటలో అతని స్నేహితుడు జిమ్ కొన్సెవిచ్ చనిపోయాడు. న్యాయమూర్తి ఇరుపక్షాలదీ తప్పేనని కేసు కొట్టేశాడు. 1975లో డాంటే పోయేనాటికి వయసు 36. అతని గురించి రాసేవాళ్లు ఆ రాత్రిని వదిలిపెట్టరు. నల్లవాళ్లకి కరాటే నేర్పడానికి చాలామంది ఇష్టపడని రోజుల్లో వాళ్లని చేర్చుకున్నవాళ్లలో అతనొకడన్న సంగతి ఎక్కడో ఒక మూల ఉంటుంది. దాంతో ఆ చావు మాసిపోదు. కానీ రెండూ కలిస్తేనే ఆ మనిషి. నేను మా మాస్టారిలో ఒకటి తీసి పక్కన పడేశాను.

ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లేసరికి నాకు పెళ్లయి, పిల్లలు పుట్టారు. కొవ్వూరు వైపు ఒక ఎరువుల గోడౌనులో లెక్కలు రాస్తున్నారు. నన్ను గుర్తుపట్టి కుర్చీ లాగారు. నేను చెప్పాల్సింది దారంతా కూడబలుక్కున్నాను, నోరు పెగల్లేదు. ఆయనే అందుకున్నారు.

"నువ్వు చెప్పావని అప్పుడే తెలుసు. ఇంకెవరికి తెలుసని? చెప్పినందుకు నాకు కోపం లేదురా. జరిగిందే కదా. సగం ఎందుకు చెప్పావు?"

జవాబు లేదు నా దగ్గర. ఇప్పటికీ లేదు.

క్లాసు పోయాక మనియార్డర్లు కొన్ని నెలలు ఆగిపోయాయట. ఆ ఇంట్లో అప్పుడు కూతురి చదువు నడుస్తోంది. ఆ పిల్ల బడి మాని కూలికి వెళ్లిందని ఆయనకి తర్వాత తెలిసింది. ఇది ఆయన నన్ను నొప్పించడానికి చెప్పలేదు, జరిగినవి వరసగా చెబుతూ అదీ చెప్పారు. నేను బ్రౌన్ బెల్టు కట్టుకుని తిరిగిన నెలలవి. ఒక కుర్రాడి ఉక్రోషం, ఎన్నడూ చూడని ఇంట్లో ఒక పిల్ల పుస్తకాలు మూయించింది.

వెళ్లేటప్పుడు అడిగాను, నేనేం చెయ్యను మాస్టారండీ అని. మళ్లీ ఎవరికైనా చెప్పాల్సి వస్తే మొత్తం చెప్పు, నీ పేరు కూడా కలిపి చెప్పు అన్నారు.

ఇప్పుడు నేనూ ఒక అపార్టుమెంటు సెల్లారులో సాయంత్రాలు పిల్లలకి నేర్పుతున్నాను. చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు, మీరెక్కడ నేర్చుకున్నారండీ అని అడుగుతారు. కూర్చోబెట్టి చెబుతాను. సారా కాంట్రాక్టరు, దండం పెట్టిన మనిషి, పోయిన కన్ను, జైలు, ఖాళీగా వదిలిన మనియార్డరు కాగితం. ఆ తర్వాత నా వంతు: విన్నాక కొట్టిన దెబ్బ, టీ కొట్టు దగ్గర చెప్పిన మాట, బడి మానిన పిల్ల. విని కొందరు ఫారం నింపుతారు. కొందరు ఆలోచించుకుని చెబుతామని లేస్తారు. రెండు వీధుల అవతల ఇంకో క్లాసు ఉంది, ఏసీ హాలు, బెల్టులు త్వరగా ఇస్తారు. ఎలా వెళ్లాలని అడిగితే దారి చెబుతాను.