పాత డీపీల పంచనామా

ఇంటికొచ్చిన చుట్టం మన పదో తరగతి గ్రూప్ ఫొటో చూపించమంటే బీరువా తాళం దొరకడం లేదని తప్పించుకుంటాం. అదే మొహాన్ని ఫేస్‌బుక్‌లో మాత్రం తలుపులు బార్లా తీసి ఊరందరి ముందూ పెట్టి, ఆ సంగతే మరిచిపోయి పెద్దమనుషుల్లా తిరుగుతున్నాం. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మనకు గుర్తుండదు. అకౌంట్‌కు మాత్రం మనం బాగానే గుర్తుంటాం.

డీపీ మార్చిన ప్రతిసారీ పాతది పోయిందనుకున్నారు కదా? పోలేదు. ‘ప్రొఫైల్ పిక్చర్స్’ అని ఒక ఆల్బమ్ మీరు అడక్కుండానే తయారై కూర్చుంది. తేదీల వారీగా, కింద ఎవరెవరు ఏమన్నారో సహా, అన్నీ భద్రం. పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు ముందు తెరిచేది దాన్నే. అబ్బాయి జీతమెంతో బయోడేటా చెబుతుంది, అబ్బాయి ఎలాంటివాడో 2011 నాటి డీపీ చెబుతుంది. కట్నం దగ్గర కుదరని సంబంధాలు ఎలాగూ ఉన్నాయి, గాగుల్స్ దగ్గర చెడినవాటి లెక్క ఎవరు రాశారు?

అడుగుకంటా వెళ్లి మొట్టమొదటిది చూడండి. అమీర్‌పేటలోనో, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒక నెట్ సెంటర్. ప్లైవుడ్ పలకలతో కట్టిన గది. మానిటర్ నెత్తిన క్లిప్పు పెట్టి తగిలించిన వెబ్‌క్యామ్. ట్యూబ్‌లైట్ వీపు వెనక ఉండటంతో మొహం సగం నలుపు, తక్కిన సగం నీలం. ఆ చీకట్లో నల్ల కళ్లద్దాలొకటి. చెవులకు హెడ్‌ఫోన్, అంతకుముందు కూర్చున్నవాడి చెమట దానికింకా ఆరలేదు. గంటకు పదో పదిహేనో రూపాయలు. టైమైపోయిందని బయట నుంచి ఓనరు తలుపు కొడుతున్నాడు. ఆ కంగారులో నొక్కిన ఫొటో అది, అందుకే అందులో హీరోగారు ఏదో మింగబోతున్నట్టుంటారు. కింద వ్యాఖ్యలు: ‘కేక మామా’, ‘దిగాడ్రా హీరో’, ‘బైక్ ఎక్కడ?’. అన్నిటికన్నా చివర ఒక బాబాయి పెట్టిన ‘గాడ్ బ్లెస్ యూ’. ఆ బాబాయి పోయి చాలాకాలమైంది. దీవెన ఇప్పటికీ పబ్లిక్‌లోనే ఉంది.

ఆపైన బైక్ కూడా వస్తుంది లెండి. ఎవడిదో పల్సర్, తాళంచెవి వాడి జేబులోనే, ఫొటో మాత్రం మనది. అట్లాంటా చేరినవాడిది ఇంకో రకం: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎవరిదో మస్టాంగ్‌కు ఆనుకుని నిలబడి, ఓనరు వచ్చేలోగా రూమ్మేట్ చేత తీయించుకున్నది. ఇప్పుడాయన లింక్డ్‌ఇన్‌లో కోటు తొడిగి, చేతులు కట్టుకుని, నాయకత్వ లక్షణాల గురించి రాస్తుంటాడు. చేతులు కట్టుకుంటే నాయకుడని ఎవరు చెప్పారో తెలియదు. మన బళ్లో అలా కట్టించింది నోరు మూసుకోమని.

ఆడపిల్లలు మాత్రం ఆనాడే గులాబీ పువ్వో, బోసినవ్వుల పాపాయో, ఎవరో హీరోయినో పెట్టుకున్నారు. అది చూసి మగధీరులంతా వెక్కిరించారు. తమ సొంత ఫొటోలు ఎక్కడ తేలతాయోనన్న భయం ఆ ఆడపిల్లలకు ఊరకే రాలేదు. మన దేశంలో ఆ భయం ఎంతుందో కంపెనీకే తెలిసొచ్చి, 2017లో ‘ప్రొఫైల్ పిక్చర్ గార్డ్’ అని ముందు ఇక్కడే మొదలుపెట్టింది. ఫొటో చుట్టూ నీలిగీత, కింద ఒక డాలు బొమ్మ. ఆ డాలుంటే ఎవరూ డౌన్‌లోడ్ చేయలేరట. పక్కవాడి ఫోనుతో ఈ ఫోనును ఫొటో తీస్తే ఆ డాలు కూడా చక్కగా పడుతుంది.

ఇంతకన్నా గట్టి గుండె కావలసిన ఆల్బమ్ మన రాజకీయ కార్యకర్తది. ఒక మండల స్థాయి నాయకుడి పాత డీపీలను కింది నుంచి పైకి చూసుకుంటూ రండి, రెండు రాష్ట్రాల చరిత్రా ఒక్క దమ్మున వచ్చేస్తుంది. ప్రతి ఫొటోలో మెడలో ఒక కండువా, మూలన గుండ్రంలో ఒక అధినేత. కండువా రంగు మారుతుంది, గుండ్రంలో తల మారుతుంది, కింద దణ్ణం పెట్టే చేతులు మాత్రం అవే, వేళ్లకు ఉంగరాలు పెరుగుతూ పోతాయి. ‘ఊపిరున్నంత వరకు అన్నతోనే’ అన్న ముక్క మూడు చోట్ల ఉంటుంది. ఊపిరి ఒకటే, అన్నలు ముగ్గురు. 2023 డిసెంబరు 3న తెలంగాణలో, 2024 జూన్ 4న ఆంధ్రలో ఓట్లు లెక్కిస్తుంటే రాజీనామా లేఖలు తయారవడానికి కొంత సమయం పట్టిందేమో గానీ, డీపీ మారడానికి మూడో రౌండు చాలు. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. అది చట్టసభల సభ్యులకు మాత్రమే, డీపీలకు వర్తించదు. వర్తించి ఉంటే మండలానికొక స్పీకరు కావలసి వచ్చేది. అయితే ఈ మహానుభావులు కొత్త ఫొటో పెట్టే తొందరలో పాతవి తీసేయడం మరిచిపోతారు. ప్రత్యర్థి కుర్రాళ్లు మరవరు.

జెండాల సంగతీ అంతే. 2015 సెప్టెంబరులో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ తన మొహానికి మూడు రంగులు అద్దుకుని డిజిటల్ ఇండియాకు జై అంటే, ఆయనే మనకన్నా దేశభక్తుడైపోతాడేమోనని మనమూ ఎగబడి అద్దుకున్నాం. తీరా ఆ ఫిల్టర్ కోడ్‌లో కంపెనీ సొంత పథకం ఇంటర్నెట్.ఆర్గ్ పేరు కనబడి గొడవైంది. ఎవరో ఇంజినీరు పొరపాటున పెట్టిన పేరని వాళ్లు సర్దిచెప్పుకున్నారు. 2022లో జెండా రూపకర్త పింగళి వెంకయ్యగారి జయంతి రోజైన ఆగస్టు 2 నుంచి పదిహేను దాకా త్రివర్ణ డీపీ పెట్టమని ప్రధాని పిలుపిచ్చారు, పెట్టాం. వెంకయ్యగారు 1963లో చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో పోయారు. ఆయన రుణం మనం అర నిమిషంలో తీర్చుకున్నాం.

ఇక వీటన్నిటికీ కాపలా కాసే కంపెనీగారి ఆప్యాయత. 2015లో ‘ఆన్ దిస్ డే’ అని మొదలైంది. పొద్దున్నే ఫోను తెరిస్తే ఫలానా ఏడు ఇదే రోజున మీరిలా ఉన్నారంటూ ఒక మొహం. విడాకులైనవాడికి ఊటీ డీపీ, బట్టతలవాడికి పాయ తీసిన క్రాపు. దీనికి వాళ్లు పెట్టిన పేరు జ్ఞాపకాలు. సరే, ఈ కంపెనీలకు మన జ్ఞాపకాల మీద అంత మమకారమే ఉంటే ఆర్కుట్ ఏది? గూగుల్‌లో పనిచేసే ఒక ఇంజినీరు పేరు మీద 2004 జనవరిలో తెరిచారు. మనవాళ్లు అందులోనే స్నేహాలు చేశారు, టెస్టిమోనియల్స్ రాసుకున్నారు, కొందరు ఏకంగా పెళ్లిళ్లు కుదుర్చుకున్నారు. 2014 సెప్టెంబరు 30న మూసేశారు. ఫొటోలు తెచ్చుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చారు, ఆ తర్వాత ఎవరు ఏడ్చినా లేదు. లాభం లేదనుకుంటే మీ జ్ఞాపకాలకు గడువు తేదీ ఉంటుంది. లాభం ఉందనుకుంటే మీరు వద్దన్నా ఉండవు గడువులు.

తీసేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకంటారా? ఫేస్‌బుక్‌లో తీసేసిన ఫొటోలు నేరుగా లింకు కొడితే ఇంకా తెరుచుకుంటున్నాయని ఆర్స్ టెక్నికా పత్రిక 2009లో బయటపెట్టింది. 2012 ఫిబ్రవరిలో మళ్లీ చూస్తే అవే ఫొటోలు అక్కడే ఉన్నాయి. ఆ ఏడే సరిచేశామన్నారు. ఇప్పుడు తీసేసినవి సర్వర్ల నుంచి పోవడానికి తొంభై రోజుల దాకా పట్టొచ్చట. ఈలోగా ఎవరెవరు ఎత్తుకుపోయారో? క్లియర్‌వ్యూ అనే కంపెనీ జనం మొహాలు మూడు వందల కోట్లకు పైగా నెట్‌లోంచి ఏరుకుని పోలీసులకు అమ్ముకుంటోందని 2020 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2007 నుంచి పెద్దలు పబ్లిక్‌గా పెట్టిన ఫొటోలూ రాతలూ తమ కృత్రిమ మేధకు మేతగా వేశామని ఆస్ట్రేలియా సెనెట్ విచారణలో 2024లో ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ అధికారిణి ఒప్పుకున్నారు. అడగ్గా అడగ్గా ఒప్పుకున్నారనుకోండి. అంటే పాఠాలు చెప్పుకుని బతకాలనుకున్న మన కుర్రాడు, నెట్ సెంటర్‌లో చీకటి కళ్లద్దాలతో ఏకంగా యంత్రానికే పాఠమయ్యాడు. ఫీజు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

చట్టం ఉంది కదా అని ధైర్యమా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017లో ముక్తకంఠంతో చెప్పారు. ఆ ఆనందంలో ఆరేళ్లు గడిపి, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసుకున్నాం. మీ సమాచారం తుడిపేయమని అడిగే హక్కు అందులో ఉంది. సంబరపడకండి, మూడో సెక్షన్ కూడా చదవండి. ఎవరి సమాచారాన్ని వాళ్లే నలుగురికీ కనబడేలా పెట్టుకుంటే దానికి ఈ చట్టం వర్తించదు. దొంగ మీ ఇంట్లోంచి ఫొటో ఎత్తుకుపోతే చట్టం, మీరే గుమ్మానికి తగిలిస్తే మీ ఖర్మ. యూరప్‌లో ‘నన్ను మరిచిపోండి’ అని అడిగే హక్కు సంపాదించిన మారియో కోస్తేహా అనే స్పెయిన్ దేశస్థుడి సంగతి ఇంకా విచిత్రం. ఎప్పటివో అప్పుల వేలం ప్రకటనలు తన పేరు కొడితే రాకూడదని గూగుల్ మీద పోరాడి 2014లో గెలిచాడు. ఇప్పుడు ఆ అప్పుల కథ తెలియని న్యాయ విద్యార్థి ప్రపంచంలో లేడు.

కాబట్టి ఈ రాత్రికి ఆ ఆల్బమ్ తెరవండి. ప్రతి ఫొటోకూ పక్కనే చిన్న భూగోళం గుర్తుంటే లోకమంతా చూడొచ్చని అర్థం. దాన్ని నొక్కి ‘ఓన్లీ మీ’ చేయండి. దీనివల్ల కంపెనీ కళ్లు మూసుకోదు, పెళ్లివారికీ పక్క పార్టీవారికీ మాత్రం తెర పడుతుంది. ఈ ఆల్బమ్ మొత్తాన్ని ఒకేసారి ‘ఓన్లీ మీ’ చేసే బటన్ ఉండదు, ఒక్కొక్కటే చేసుకుంటూ పోవాలి. వంద డీపీలు మార్చినవారికి వంద సార్లు. ప్రస్తుతం ఉన్న డీపీ మాత్రం ఎప్పుడూ పబ్లికే. ఇష్టం లేనివాళ్లు గులాబీ పువ్వు పెట్టుకోండి.